ఒకే ఊరు.. ఇద్దరు బిషప్పులు

క్రీ.శ. 303, మే 19. ఉత్తర ఆఫ్రికాలో సిర్టా అనే పట్టణం. ఇప్పుడది అల్జీరియాలోని కాన్‌స్టంటీన్ నగరం. క్రైస్తవులు ప్రార్థనకు చేరే ఇంటికి పట్టణాధికారి మునాటియస్ ఫెలిక్స్ గుమాస్తాలను వెంటబెట్టుకుని వచ్చి పంచనామా మొదలుపెట్టాడు. బంగారు గిన్నెలు 2, వెండి గిన్నెలు 6, వెండి దీపాలు 7, ఆడవాళ్ల అంగీలు 82, ఆడవాళ్ల చెప్పులు 47 జతలు... బీదాబిక్కీకి పంచడానికి పోగుచేసినవై ఉండాలి. ఆయన వచ్చింది మాత్రం చెప్పుల కోసం కాదు. క్రైస్తవుల లేఖనాలన్నీ తగలబెట్టాలని డయొక్లీషియన్ చక్రవర్తి ఆజ్ఞ. పుస్తకాలు చదివి వినిపించేవాళ్ల ఇళ్లలో ఉన్నాయన్నాడు బిషప్ పాల్. వాళ్లెవరో చెప్పమంటే ఇద్దరు సబ్‌డీకన్లు ససేమిరా అన్నారు. మేం ద్రోహులం కాము, చంపితే చంపుకోండన్నారు. అయినా పేర్లు బయటికొచ్చాయి. ఇల్లిల్లూ తిరిగి పుస్తకాలు పట్టుకుపోయారు.

గుమాస్తాలు రాసుకున్న ఆ కాగితం 17 ఏళ్ల తర్వాత ఒక విచారణలో సాక్ష్యంగా మళ్లీ పైకి తేలింది. ఆ విచారణ జరిపించింది క్రైస్తవులే, తోటి క్రైస్తవుడి మీద.

హింస సద్దుమణిగాక లెక్కలు తేల్చుకునే రోజులొచ్చాయి. అప్పుడు ఎవరు పుస్తకాలు ఇచ్చేశారు, ఎవరు ప్రాణాలు పోతున్నా ఇవ్వలేదు? ఇచ్చేసిన బిషప్ చేతి బాప్తిస్మం చెల్లుతుందా? అతను చేతులుంచి ప్రతిష్ఠించిన ఇంకో బిషప్ బిషప్పేనా? తొలి శతాబ్దాల సంఘాన్ని చీల్చిన వివాదాలనగానే త్రిత్వం, క్రీస్తు స్వభావం గుర్తొస్తాయి. ఇక్కడ అవేవీ లేవు. ఇరుపక్షాలదీ ఒకే బైబిల్, ఒకే ఆరాధన. 258లో హతసాక్షి అయిన కార్తేజ్ బిషప్ సిప్రియన్‌ను ఇద్దరూ తమవాడేనన్నారు. అన్నదమ్ముల గొడవలాగా ఇది అంత చేదుగా మారడానికి కారణం అదేననిపిస్తుంది.

కార్తేజ్‌లో రెండు కుర్చీలు

311 ప్రాంతంలో కార్తేజ్ బిషప్ మెన్సూరియస్ చనిపోయాడు. లేఖనాల బదులు పాషండుల పుస్తకాలు పెట్టి పోలీసులను బురిడీ కొట్టించానని చెప్పుకున్నాడు. అది నమ్మినవాళ్లకు లౌక్యుడు, నమ్మనివాళ్లకు పిరికివాడు. ఆయన స్థానానికి డీకన్ సీసిలియన్‌ను ఎన్నుకున్నారు. చెరలో ఉన్న హతసాక్షులకు తిండి అందకుండా అడ్డుపడ్డాడన్న నింద అప్పటికే అతని మీద ఉంది. లూసిల్లా అనే సంపన్నురాలికి అతనంటే ఇంకో కోపం. ప్రభు భోజనానికి ముందు ఓ హతసాక్షి ఎముకను ముద్దుపెట్టుకునే అలవాటు ఆమెది. దాన్ని సీసిలియన్ అందరి ముందూ తప్పుబట్టాడు. పైగా అతన్ని ప్రతిష్ఠించిన ఆప్టుంగా బిషప్ ఫెలిక్స్ పుస్తకాలు అప్పగించినవాడేనని పుకారు.

సిర్టా ఉన్న నుమిడియా నుంచి 70 మంది బిషప్పులు దిగారు. సీసిలియన్ చెల్లడన్నారు. లూసిల్లా ఇంటి మనిషి మజోరినస్‌ను బిషప్‌ను చేశారు. ఆమె డబ్బు సంచులు విప్పిందని తర్వాత సాక్ష్యాలొచ్చాయి. కొద్దికాలానికే మజోరినస్ పోయాడు, అతని కుర్చీలోకి డొనాటస్ వచ్చాడు. ఉద్యమానికి ఆయన పేరే స్థిరపడింది.

ఈ 70 మంది సంగతేమిటి? అంతకు కొన్నేళ్ల ముందు సిర్టాలో కొందరు బిషప్పులు కూడినప్పుడు, పుస్తకాలు ఎవరెవరు అప్పగించారని పెద్ద బిషప్ సెకుండస్ వరసగా నిలదీశాడట. పుర్‌పూరియస్ అనే బిషప్‌ను అక్కచెల్లెళ్ల బిడ్డల హత్య గురించి కూడా అడిగాడు. అతను జంకలేదు సరికదా, నిన్ను పట్టుకున్నప్పుడు ఏం ఇచ్చి బయటపడ్డావని ఎదురు తిరిగాడు. సెకుండస్ ఆ తీర్పును దేవుడికి వదిలేశాడు. ఇదంతా కల్పితమని డొనాటస్ పక్షం తర్వాత వాదించింది. కానీ 320 నాటి విచారణలో చదివిన పంచనామాను కొట్టిపారేయడం అంత సులువు కాదు. 303లో ఆ ఇంట్లో వెండి దీపం బయటికి తీసి ఇచ్చిన సబ్‌డీకన్ సిల్వానస్ ఇప్పుడు డొనాటస్ పక్షాన అదే ఊరి బిషప్, మజోరినస్‌ను నిలబెట్టినవాళ్లలో ఒకడు. ఇక ఆప్టుంగా ఫెలిక్స్ విషయంలో విచారణ జరిగితే, అతని మీద పెట్టిన ఉత్తరంలో ఫోర్జరీ జరిగిందని తేలింది.

ఈలోగా కాన్‌స్టంటీన్ చక్రవర్తి వచ్చి సంఘానికి డబ్బూ, గురువులకు ప్రభుత్వ చాకిరీ నుంచి మినహాయింపూ ప్రకటించాడు. అవి సీసిలియన్ పక్షానికే అన్నాడు. దాంతో అసలు బిషప్ ఎవరన్నది ఖజానా ప్రశ్న కూడా అయింది. డొనాటస్ పక్షం చక్రవర్తికే అర్జీ పెట్టింది. 313లో రోమ్‌లో ఓడింది, 314లో ఆర్ల్ సభలో ఓడింది, 316లో చక్రవర్తి ముందే ఓడింది. సంఘంతో చక్రవర్తికేం పని అని డొనాటస్ నిలదీసింది ఆ తర్వాతే. 317 నుంచి సైన్యంతో వాళ్ల చర్చిలు లాక్కున్నారు, రక్తం పారింది, కొత్త హతసాక్షులు పుట్టారు. 321లో కాన్‌స్టంటీన్ విసిగి వదిలేశాడు.

ఊరి మధ్య గీత

ఆ తర్వాత ఊరూరా ఇద్దరు బిషప్పులు. డొనాటిస్టులు అటునుంచి వచ్చినవాళ్లకు మళ్లీ బాప్తిస్మం ఇచ్చేవారు. ఒక సంఘంలో తీసుకున్న బాప్తిస్మం ఇంకో సంఘంలో చెల్లుతుందా అన్న ప్రశ్న తెలుగు క్రైస్తవులకూ కొత్త కాదు. సీసిలియన్ పక్షమైన క్యాథలిక్కుల నుంచి చర్చి చేతికొస్తే గోడలు కడిగేవారు. హిప్పో పట్టణంలో వాళ్లదే పైచేయి. అక్కడ ఫౌస్టినస్ అనే డొనాటిస్టు బిషప్, క్యాథలిక్కులకు ఎవరూ రొట్టె కాల్చి ఇవ్వకూడదని కట్టడి చేశాడు. మన పల్లెల్లో నిప్పూ నీళ్లూ బంద్ చేసే వెలి ఎలాంటిదో తెలిసినవాళ్లకు ఇంకేం వివరించనక్కర్లేదు. పల్లెల్లో సర్‌కమ్‌సెలియన్లనే గుంపులు కర్రలతో తిరిగేవి. దేవుడికి స్తోత్రం అన్న వాళ్ల కేక వింటే ఊళ్లు హడలెత్తేవి.

395లో హిప్పోకు అగస్టీన్ క్యాథలిక్ బిషప్ అయ్యాడు. బాప్తిస్మం ఇచ్చే చెయ్యి మురికిదైనా ఇచ్చేవాడు క్రీస్తే, కాబట్టి అది చెల్లుతుందన్నది ఆయన వాదం. నా దృష్టిలో అది బలమైన వాదమే. గురువు మనసులో ఏముందో తెలుసుకుని గానీ నమ్మకం కుదరదంటే ఎవరి బాప్తిస్మానికీ భరోసా ఉండదు. పైగా డొనాటిస్టులే 390లలో తమలో తాము చీలి, మళ్లీ కలిసినప్పుడు చీలికవర్గం ఇచ్చిన బాప్తిస్మాన్ని మారుమాట లేకుండా ఒప్పుకున్నారు. అగస్టీన్ ఈ ముక్కను చివరిదాకా వదల్లేదు. మింగుడుపడనిది ఇంకొకటి. మొదట బలప్రయోగం వద్దన్న మనిషే, సొంతూరు తగాస్టే చట్టాల భయంతో క్యాథలిక్ అయిందని చూసి మనసు మార్చుకున్నాడు. విందుకు జనాన్ని బలవంతంగానైనా లోపలికి తెమ్మన్న లూకా సువార్త ఉపమానాన్ని ప్రభుత్వ బలగానికి సమర్థనగా వాడాడు.

కార్తేజ్ స్నానశాలలో హాజరుపట్టీ

411 జూన్‌లో చక్రవర్తి ప్రతినిధి మార్సెల్లినస్ రెండు పక్షాలనూ కార్తేజ్‌లోని గార్గిలియస్ స్నానశాలకు పిలిచాడు. ఆయన క్యాథలిక్కు, అగస్టీన్‌కు స్నేహితుడు. సమావేశానికి ముందు క్యాథలిక్ బిషప్పులు ఓ మాటిచ్చారు. ఓడితే పదవులు వదిలేస్తాం, గెలిస్తే అవతలి బిషప్‌తో కుర్చీ పంచుకుంటాం. దాదాపు 300 మందిలో కాదన్నది ఇద్దరేనట.

పక్షానికి 18 మంది చాలని ఉత్తర్వు. డొనాటిస్టులు మొత్తం బిషప్పులతో వచ్చి, దుష్టులతో కూర్చోబోమంటూ నిలబడే ఉన్నారు. మార్సెల్లినస్ కూడా నిలబడాల్సి వచ్చింది. క్యాథలిక్ సంతకాలు నిజమైనవో కావో ఒక్కొక్కరినీ పిలిచి చూపించమన్నారు. పేరు పిలవగానే క్యాథలిక్ బిషప్ ముందుకొస్తాడు, అదే ఊరి డొనాటిస్టు బిషప్ ఇతన్ని ఎరుగుదునంటాడు. కొందరు అంతటితో ఆగక పాత కక్షలూ చెప్పుకొచ్చారు. చెరో పక్షం 280 మందికి అటూ ఇటూగా ఈ పిలుపు సాగింది. సంక్షిప్తలిపి గుమాస్తాలు అక్షరం పోకుండా రాశారు. డొనాటిస్టుల జాబితా చదివేటప్పుడు ఒక పేరుకు మనిషి పలకలేదు, దారిలో చనిపోయాడన్నారు. దారిలో పోయినవాడు కార్తేజ్‌లో సంతకం ఎలా పెట్టాడని అడిగితే తడబడ్డారు. పొలాల్లోనూ బిషప్పులను పెట్టారని అగస్టీన్ మిత్రుడు అలీపియస్ దెప్పితే, మీరు పెట్టలేదా అన్నాడు పెటీలియన్. లాయరుగా పేరు తెచ్చుకున్న ఈ డొనాటిస్టు బిషప్‌దీ సిర్టాయే.

జూన్ 8 నాటికి వాదనలు ముగిశాయి, అదే నెలాఖరులోగా క్యాథలిక్కులదే న్యాయమని తీర్పు వచ్చింది. 412 చట్టంతో డొనాటిస్టుల చర్చిలు జప్తు, హోదాను బట్టి జరిమానాలు, కౌలుదారులకు కొరడా దెబ్బలు. కుర్చీ పంచుకుంటామన్న మాట ఎంతమంది విషయంలో నిలబడిందో గానీ, కొరడా మాత్రం నిలబడింది. 429లో వాండల్స్ అనే దండయాత్రికులు సముద్రం దాటి వచ్చారు. 430లో, హిప్పో వాళ్ల ముట్టడిలో ఉండగా అగస్టీన్ చనిపోయాడు. అయినా 590లలో కూడా రోమ్ బిషప్ గ్రెగొరీ ఆఫ్రికా అధికారులకు డొనాటిస్టుల మీద ఫిర్యాదులు రాస్తూనే ఉన్నాడు.

ఆ ప్రాంతంలో బయటపడ్డ చర్చిల్లో ఏది ఏ పక్షానిదో తేల్చడం పురావస్తు శాస్త్రజ్ఞులకు ఇప్పటికీ కష్టమే. కట్టడాల తీరు ఒకటే. టిమ్‌గాడ్‌లోని పెద్ద చర్చి ప్రాంగణం డొనాటిస్టులదని చెప్పగలిగింది, అక్కడి మొజాయిక్ నేల మీద ఆప్టాటస్ అన్న వాళ్ల బిషప్ పేరు ఉండబట్టే.