సైలెన్సర్‌లో పోయే బలం

"సార్, పొగ వెళ్లే దారిలో చక్రం పెడితే పొగకి అడ్డం కాదా? ఇంజన్ ఊపిరి బిగబట్టి బలం పెంచడమేంటి?"

డిప్లొమా క్లాసులో ఒక కుర్రాడు వేసిన ప్రశ్న ఇది. టర్బోచార్జర్ గురించి ఇంతకంటే మంచి ప్రశ్న నేను వినలేదు. పాఠ్యపుస్తకాలు "వృథా శక్తిని వాడుకుంటుంది" అని ఒక్క ముక్కలో దాటేస్తాయి. అడ్డం సంగతి ఎత్తవు.

ఛత్తీస్‌గఢ్‌లోని నవా రాయపూర్‌లో ఈ ప్రశ్న క్లాసుకే పరిమితం కాదు. ఇక్కడి విశాలమైన రోడ్ల మీద ఎత్తు పెంచిన పికప్ ట్రక్కులు కనిపిస్తుంటాయి. వాటిలో ఇసుజు వి-క్రాస్ మన ఆంధ్రా బండే. తడ దగ్గరి శ్రీసిటీలో 2016లో మొదలైన ఫ్యాక్టరీలో తయారవుతుంది. రోజూ ఆఫీసుకి తిప్పే బండికే సస్పెన్షన్ లేపి, 30 అంగుళాల టైర్లు తీసి 33 అంగుళాలవి వేస్తారు. ఆ తర్వాత కేశ్‌కాల్ ఘాట్ ఎక్కేటప్పుడు "బండి లాగట్లేదు, టర్బో పెంచాలి" అంటారు. ఇంజన్‌కి ఏ జబ్బూ లేదు. చక్రం వ్యాసం పదో వంతు పెరిగింది కాబట్టి నేల మీద తోపు దాదాపు 9 శాతం తగ్గింది. ఎత్తయిన బండికి గాలి నిరోధం కూడా ఎక్కువే.

ఇక ఆ కుర్రాడి ప్రశ్న. డీజిల్ మండి పిస్టన్‌ని కిందికి తోస్తుంది. పిస్టన్ అడుగుకి చేరేసరికి దాని దారి అయిపోతుంది కానీ వాయువు బలం అయిపోదు. ఎగ్జాస్ట్ వాల్వ్ తెరుచుకునే క్షణానికి లోపల పీడనం ఇంకా బయటి గాలికి కొన్ని రెట్లు ఉంటుంది. బాగా లాగుతున్నప్పుడు వేడి ఆరేడు వందల డిగ్రీలు. సైలెన్సర్ చేసే పని ఈ బలాన్ని చప్పుడు కాకుండా గాల్లో కలపడమే. ఇంధనంలోని శక్తిలో సుమారు మూడో వంతు ఈ దారినే పోతుంది.

టర్బోచార్జర్‌లోని టర్బైన్ చక్రం ఆ దారిలో కూర్చుంటుంది. వాయువు దాని రెక్కల మధ్య వ్యాకోచించి, చల్లబడుతూ, తన వేడిలో కొంత తిప్పుడుగా ఇచ్చి పోతుంది. అడ్డం నిజమే. పొగని బయటికి నెట్టడానికి పిస్టన్ కొంచెం ఎక్కువ కష్టపడాలి. కానీ చక్రానికి అందే శక్తిలో పెద్ద వాటా పిస్టన్ చేతి నుంచి రాదు, వేడి నుంచి వస్తుంది. అదే ఇరుసు రెండో కొసన ఉన్న కంప్రెసర్ గాలిని కుక్కి సిలిండర్‌లోకి పంపుతుంది. గాలి రెట్టింపయితే దాదాపు రెట్టింపు డీజిల్ మండించవచ్చు. టర్బో బాగా కుదిరిన చోట లోపలికొచ్చే గాలి పీడనం బయటికెళ్లే పొగ పీడనం కంటే ఎక్కువగా ఉంటుంది. అప్పుడు పిస్టన్ గాలి పీల్చుకోనక్కర్లేదు, గాలే పిస్టన్‌ని తోస్తుంది! ఈ మలుపు నాకు ఎప్పుడు చెప్పినా కొత్తగానే ఉంటుంది.

టర్బోకి పోటీదారు సూపర్‌చార్జర్. అదీ గాలిని కుక్కుతుంది, కానీ క్రాంక్ షాఫ్ట్‌కి బెల్టు కట్టి నడవాలి. జీతంలోంచే అప్పు తీసి జీతం పెంచుకున్నట్టుంటుంది. స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బూకీ 1905లో పేటెంటుకు వెళ్లినప్పుడు ఆయనని ఊరించింది పొగలో పోతున్న ఆ వేడే. అప్పటి లోహాలు ఆ వేడిని తట్టుకోలేదు. 1918లో అమెరికాలో శాన్‌ఫర్డ్ మాస్ లిబర్టీ విమాన ఇంజన్‌ని ట్రక్కుపై 14,000 అడుగుల పైక్స్ పీక్ శిఖరానికి చేర్చాడు. సముద్రమట్టం దగ్గర సుమారు 350 హార్స్‌పవర్ ఇచ్చే ఇంజన్ అక్కడి పలుచని గాలిలో 230కి పడిపోయింది. టర్బో తగిలించగానే మళ్లీ 350 దాటింది. ఆ తర్వాత ఓడలు, బాంబర్లు, లారీలు, 1970ల చివరికి డీజిల్ కార్లు.

రాయపూర్‌ది కొండ బాధ కాదు, ఎండ బాధ. 15 డిగ్రీల గాలితో పోలిస్తే 45 డిగ్రీల మే నెల గాలి 9 శాతం పలుచన. దాన్ని రెట్టింపు పీడనానికి కుక్కితే వేడి సుమారు 145 డిగ్రీలకు చేరుతుంది. ఆ వేడి గాలి మళ్లీ వ్యాకోచించి, కుక్కిన లాభంలో కొంత తినేస్తుంది. అందుకే రేడియేటర్ లాంటి ఇంటర్‌కూలర్. 70 డిగ్రీలకు దించితే అదే పీడనంలో గాలి 20 శాతానికి పైగా చిక్కబడుతుంది.

వి-క్రాస్ టర్బోలో ఇంకో చమత్కారం ఉంది. టర్బైన్ చుట్టూ కదిలే చిన్న రెక్కలు. నెమ్మదిగా వెళ్తున్నప్పుడు అవి ముడుచుకుని దారిని ఇరుకు చేస్తాయి, పొగ వేగం పుంజుకుంటుంది. వేగం పెరిగితే తెరుచుకుంటాయి. మసి పేరుకుంటే ఈ రెక్కలే ఇరుక్కుంటాయి. పాత 2.5 లీటర్ల వి-క్రాస్ ఇంజన్ సుమారు 134 హార్స్‌పవర్ ఇచ్చేది, తర్వాత వచ్చిన 1.9 లీటర్లది 160 దాకా ఇస్తుంది. ఇంజన్ చిన్నదైంది, బలం పెరిగింది.

మరి ఇంకా బలం కావాలంటే? చిప్ ట్యూనింగ్‌తో డీజిల్ పెంచేస్తే ముందు కనపడేది నల్లపొగ. అది బలం కాదు, గాలి చాలక మండని డీజిల్. దాంతో పొగ వేడి పెరిగి, దెబ్బ టర్బైన్ మీదా పిస్టన్ల మీదా పడుతుంది. పెద్ద టైర్లు వేసినవాళ్లకు నా మాట: పోగొట్టుకున్న 9 శాతం డిఫరెన్షియల్ గేర్ నిష్పత్తిలో వెతకండి, టర్బోలో కాదు. ఉర్లా, సిల్తరా ఫ్యాక్టరీల దుమ్ములో తిరిగితే ఎయిర్ ఫిల్టర్ చెప్పిన గడువు కంటే ముందే మార్చండి. ఇంటర్‌కూలర్ గొట్టాల క్లాంపులు వదులైతే కుక్కిన గాలి అక్కడే కారిపోతుంది. ఘాట్ ఎక్కి ఆపాక ఒక నిమిషం ఇంజన్ ఐడిల్‌లో ఉంచండి. నిమిషానికి లక్షకు పైగా తిరిగే ఇరుసు పలుచని నూనె పొర మీద తేలుతుంటుంది, ఆ నూనె ఆగితే అక్కడే మాడి గడ్డకడుతుంది. ఏం మార్చినా మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 చదివి మార్చండి. కంపెనీ ఇచ్చిన మూల నిర్మాణాన్ని ఇష్టమొచ్చినట్టు మార్చకూడదని 2019లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది.