‘ఇన్షా అల్లాహ్’ అంటే అవునా, కాదా? ఆన్‌లైన్ మాటలు చదివే పరిశోధనలో అసలు చిక్కు

పోస్టులు, కామెంట్లు, గ్రూపు మెసేజీలు చదివి ఒక సమాజం ఏమనుకుంటోందో చెప్పే పద్ధతిని గుణాత్మక పరిశోధన అంటారు. మన ఇళ్లలో పీజీ ప్రాజెక్టులు చేసే పిల్లలు కూడా చేస్తున్నారు. ఇందులో లైకులు లెక్కపెట్టడం ఉండదు. ఒక్కో మాటకు ‘ఒప్పుకోలు’, ‘భయం’, ‘కోపం’ అని పేరు పెట్టుకుంటూ పోతారు. ఆ పేరు తప్పైతే రిపోర్టులో మన గురించి తప్పే వస్తుంది.

2017 అక్టోబరులో ఇజ్రాయెల్ పోలీసులు ఒక పాలస్తీనా కార్మికుణ్ణి పట్టుకెళ్లారు. బుల్డోజర్ పక్కన దిగిన ఫొటోకి ఆయన అరబీలో గుడ్ మార్నింగ్ అని రాశాడు, అంతే. ఫేస్‌బుక్ అనువాదం దాన్ని హీబ్రూలో ‘వాళ్లపై దాడి చేయండి’ అని చూపించింది. అరబీ వచ్చిన అధికారి ఒక్కరూ ముందు ఆ పోస్టు చదవలేదు. కొన్ని గంటల తర్వాత వదిలేశారు.

‘షహీద్’ మాటదీ ఇదే గొడవ. తాను ప్రమాదకరమని ముద్ర వేసిన వ్యక్తుల పేరు పక్కన ఈ మాట కనిపిస్తే చాలు, మెటా కంపెనీ పొగడ్త కిందే లెక్కేసి పోస్టు తీసేసేది. ఆ మాటకు చాలా అర్థాలున్నాయి, ఈ పద్ధతి మానుకోండని ఓవర్‌సైట్ బోర్డు 2024 మార్చిలో చెప్పింది. మనకైతే భగత్ సింగ్ షహీద్, సరిహద్దులో ప్రాణమిచ్చిన జవాను షహీద్. నీట మునిగి పోయినవాళ్లకూ ఆ దర్జా ఉందని హదీసుల్లో ఉంది.

ఇక మన దక్కనీ సంగతి. హైదరాబాద్‌లో ‘పర్సోఁ’ అంటే మొన్న కావచ్చు, మూడేళ్ల కిందట కూడా కావచ్చు! తేదీలు రాసుకునే పరిశోధకుడు అక్కడే బోల్తా పడతాడు. ‘పాపకు టీకా వేయిస్తారా?’ అంటే ‘ఇన్షా అల్లాహ్’ అని జవాబొస్తుంది. కొందరికది గట్టి మాట, కొందరికి మర్యాదగా తప్పించుకోవడం. ‘అవును’ అని రాసుకుంటే ఒక పొరపాటు, ‘విధికి వదిలేశారు’ అని రాసుకుంటే ఇంకా పెద్ద పొరపాటు.

నా ఉద్దేశంలో ఇలాంటి చోట ఆ మాటొక్కటే విడదీసి చదవకూడదు. ముందు వెనక మెసేజీలు, ఎవరు ఎవరితో అన్నారు, అన్నీ చూడాలి. వీలైతే అన్నవాళ్లనే అడగాలి. ఆ భాష ఇంట్లో మాట్లాడే ఇంకొకరితో విడిగా చదివించి, ఇద్దరికీ తేడా వచ్చిన చోట కూర్చుని మాట్లాడుకోవాలి. రిపోర్టులో అసలు మాటనే ఉంచి పక్కన అర్థం రాయాలి. అయితే బహిరంగ పోస్టును ఉన్నదున్నట్టు అచ్చేస్తే, గూగుల్‌లో వెతికి రాసినవాళ్లను పట్టుకోవచ్చు. అందుకే వాళ్ల అనుమతి ముందే తీసుకోవాలి.