ఊళ్లో పొలం కౌలుకిచ్చారా? మీ సంతకం లేకపోతే కౌలు రైతుకు ఏమేం అందవు?

మీరు హైదరాబాద్‌లోనో, విజయవాడలోనో, తెనాలి పట్టణంలోనో ఉంటున్నారు. తాతల నాటి నాలుగెకరాల పొలం రేపల్లె దగ్గరో, బాపట్ల దగ్గరో ఉంది. సాగు చేసేది ఊళ్లో ఉండే కౌలు రైతు. ఏటా కౌలు డబ్బు మీకు అందుతుంది. కాగితం ఏదీ లేదు, నోటి మాటే ఒప్పందం.

కృష్ణా పశ్చిమ డెల్టాలో ఇది మామూలు విషయమే. పంట పండినంతకాలం ఇబ్బందేమీ కనిపించదు. కానీ 2023 డిసెంబర్ 5న మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. కోతకొచ్చిన వరి నీళ్లపాలైంది. 2024 సెప్టెంబర్‌లో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద రావడంతో కొల్లూరు, భట్టిప్రోలు వైపు లంక గ్రామాలు మునిగిపోయాయి. అలాంటప్పుడు వచ్చే మొదటి ప్రశ్న: నష్టపోయిన రైతు ఎవరు? పెట్టుబడి పెట్టినవారా, రికార్డులో పేరున్నవారా?

ప్రభుత్వం దృష్టిలో 'రైతు' అంటే ఎవరు?

దీనికి జవాబు బ్రిటిష్ కాలంలో ఉంది. మద్రాసు ప్రెసిడెన్సీలో రైత్వారీ పద్ధతి పెట్టింది శిస్తు వసూలు కోసం. ఏ సర్వే నంబరుకు ఎవరు శిస్తు కట్టాలో తెలియాలి కాబట్టి పట్టాదారు పేరు రాసుకున్నారు. దున్నేది ఎవరన్నది ఆ ప్రభుత్వానికి ముఖ్యం కాదు.

స్వాతంత్ర్యం వచ్చాక 1948లో మద్రాసు ప్రభుత్వం ఎస్టేట్ల రద్దు చట్టం తెచ్చింది. జమీందారీలు పోయాయి. ఆ భూములు కూడా రైత్వారీలోకే వచ్చాయి. అంటే మధ్యవర్తి పోయాడు కానీ, 'రికార్డులో పేరున్నవారే రైతు' అన్న లెక్క మిగిలిపోయింది.

తర్వాత ప్రభుత్వం పని మారింది. శిస్తు వసూలు చేసే ప్రభుత్వం కాస్తా రుణాలు, రాయితీలు, పరిహారాలు ఇచ్చే ప్రభుత్వం అయింది. చేతిలో ఉన్న జాబితా మాత్రం పాతదే. 2019లో మొదలైన పీఎం కిసాన్ పథకం ఏటా 6,000 రూపాయలు ఇచ్చేది భూమి ఉన్న రైతు కుటుంబాలకే. తెలంగాణలో 2018లో వచ్చిన రైతుబంధు కూడా పట్టాదారులకే ఇచ్చారు.

చట్టాలు రాలేదా?

వచ్చాయి. 1956లో ఆంధ్ర ప్రాంతానికి కౌలుదారీ చట్టం తెచ్చారు. కౌలు రేటుకు పరిమితి, కౌలుదారుకు కొన్నేళ్ల భద్రత అందులో ఉన్నాయి. కానీ పేరు రికార్డుకెక్కితే భూమి చేజారుతుందని యజమానులు భయపడ్డారు. కౌలు నోటి మాటకు మారింది. అడంగల్‌లో అనుభవదారు అనే కాలమ్ ఉన్నా చాలాచోట్ల అక్కడ కూడా యజమాని పేరే కనిపిస్తుంది.

ఇతర రాష్ట్రాలు వేరే దారిలో వెళ్లాయి. కేరళ 1970 నుంచి కౌలునే రద్దు చేసి, సాగు చేసేవారికి భూమి దక్కేలా చేసింది. పశ్చిమ బెంగాల్ 1978లో మొదలైన 'ఆపరేషన్ బర్గా'తో పాలికి చేసే రైతుల పేర్లను ఊరూరా తిరిగి నమోదు చేసింది. మన దగ్గర ఆ రెండూ జరగలేదు.

ఈలోగా డెల్టా మారిపోయింది. భూమి ఉన్న కుటుంబాలు చదువులకు, ఉద్యోగాలకు, వ్యాపారాలకు పట్టణాలకు, అమెరికాకు వెళ్లాయి. వారి పొలాలను చిన్న రైతులు, భూమి లేని కుటుంబాలు కౌలుకు చేస్తున్నాయి. 2011లో ఉమ్మడి రాష్ట్రంలో 'సాగుదారుల చట్టం' తెచ్చి రుణ అర్హత కార్డులు ఇచ్చారు. దాని స్థానంలో 2019లో ఆంధ్రప్రదేశ్‌లో పంట సాగుదారు హక్కుల చట్టం వచ్చింది. ఇప్పుడిచ్చే సీసీఆర్‌సీ కార్డు, అంటే పంట సాగుదారు హక్కు పత్రం, ఈ చట్టం కిందిదే.

సంతకం పెడితే నా భూమికి ప్రమాదమా?

కాదు. మీరు ఇల్లు అద్దెకిచ్చినప్పుడు రాసుకునే 11 నెలల ఒప్పందం గుర్తుందా? ఇదీ అలాంటిదే. దీని గడువు 11 నెలలే పెట్టారు. గడువు అయ్యాక కొత్తగా రాసుకోవాలి. చట్టం కౌలు రైతుకు ఇచ్చే హక్కు పంట మీదే, భూమి మీద కాదు. ఈ కార్డు చూపించి భూమి తనదని అడగడం కుదరదు. బ్యాంకు కూడా పంటను చూసి రుణం ఇవ్వాలి తప్ప మీ భూమిని తాకట్టు పెట్టుకోవడానికి వీల్లేదు.

సంతకం లేకపోతే కౌలు రైతుకు ఏం పోతుంది?

• పంట రుణం: బ్యాంకులో 3 లక్షల వరకు పంట రుణానికి వడ్డీ 7 శాతం. గడువులో కడితే కేంద్రం మరో 3 శాతం తగ్గిస్తుంది. బయట నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. లక్ష రూపాయలకు 7,000 ఎక్కడ, 24,000 ఎక్కడ?

• నష్ట పరిహారం: పెట్టుబడి రాయితీ ఈ-పంట నమోదు ఆధారంగా వస్తుంది. అందులో మీ పేరుంటే డబ్బు మీ ఖాతాకే వస్తుంది.

• ధాన్యం అమ్మకం: మద్దతు ధరకు రైతు సేవా కేంద్రంలో అమ్మాలన్నా ఈ-పంటలో పేరుండాలి. లేకపోతే దళారి చెప్పిన ధరే గతి.

కౌలు ఎకరాకు ఇన్ని బస్తాలని ముందే మాట్లాడుకుంటే, పంట పోయినా ఆ బస్తాలు ఇవ్వాల్సిందే. నష్టం మొత్తం ఒకరిది, పరిహారం ఇంకొకరిది అవుతుంది.

మరి చట్టంలో లోపం లేదా?

ఉంది. 2011 చట్టంలో యజమాని ఒప్పుకోకపోయినా గ్రామసభలో విచారించి కార్డు ఇచ్చే వీలుండేది. 2019 చట్టంలో యజమాని సంతకం తప్పనిసరి. మీరు వద్దంటే కౌలు రైతుకు ఇంకో దారి లేదు. గట్టిగా అడిగితే వచ్చే ఏడాది పొలం వేరేవారికి ఇస్తారన్న భయంతో చాలామంది అడగరు కూడా.

ఇంకో చిక్కు కూడా ఉంది. అదే పొలం పాసుపుస్తకంపై యజమాని ముందే పంట రుణం తీసుకుని ఉంటే బ్యాంకు అదే పంటకు మళ్లీ అప్పు ఇవ్వదు. కార్డు చేతిలో ఉన్నా రుణం రాదు. సాగు చేయకుండా పంట రుణం తీసుకున్నవారు ఆలోచించాల్సిన విషయమిది.

ఏం చేయాలి? ఎక్కడికి వెళ్లాలి?

1. సాగు మొదలయ్యే ముందే కౌలు రైతుతో మాట్లాడి, నిర్ణీత ఫారంలో సర్వే నంబరు, విస్తీర్ణం, గడువు రాసి ఇద్దరూ సంతకం చేయండి.

2. పొలం ఉన్న ఊరి సచివాలయంలో ఒప్పందం ఇచ్చి కార్డు కోసం దరఖాస్తు చేయించండి.

3. రైతు సేవా కేంద్రంలో ఈ-పంట నమోదు, ఈకేవైసీ కౌలు రైతు పేరుతోనే జరిగిందో లేదో కనుక్కోండి. తుపాను వచ్చాక ఇది సరిచేయడం కష్టం.

4. ఇబ్బంది వస్తే పొలం ఉన్న మండలంలోని వ్యవసాయాధికారిని, తహసీల్దారును కలవండి.

ఇక్కడ ఒక విషయం గమనించండి. 2022 ఏప్రిల్ 4న జిల్లాల విభజన జరిగాక తెనాలి గుంటూరు జిల్లాలోనే ఉంది. రేపల్లె మాత్రం బాపట్ల జిల్లాలో కొత్త రెవెన్యూ డివిజన్ కేంద్రమైంది. మీరు తెనాలిలో ఉంటూ కొల్లూరు, వేమూరు, భట్టిప్రోలు వైపు పొలం ఉంటే, మీ ఆర్డీవో కార్యాలయం ఇప్పుడు రేపల్లెలో, కలెక్టరేట్ బాపట్లలో ఉన్నాయి.

సార్వా నాట్లకు ముందే ఈ పని పూర్తి చేసుకోండి. మీ కౌలు రైతు అడగలేకపోతే, మీరే ఫోన్ చేసి అడగండి.