మీకు తెలుసా? నది ఒడ్డు ద్రాక్ష, నగరం ద్రాక్ష

● హైదరాబాద్‌లో ఉప్పల్ పక్కనుంచి మూసీ పారినట్టే, ఫ్రాన్స్‌లోని షినోన్ పట్టణాన్ని ఆనుకుని వియెన్ నది పారుతుంది. అక్కడి చిన్న రైతులు ‘కాబెర్నే ఫ్రాన్’ అనే నల్లద్రాక్షతో పరిమళభరితమైన ఎర్ర వైన్ చేస్తారు.

● ఆ ద్రాక్ష గుజ్జులో ఎరుపు ఉండదు. తొక్కలతో కలిపి పులియబెడితేనే రసానికి రంగు, వగరు దిగుతాయి.

● ప్రపంచమంతా పండే ‘కాబెర్నే సావిన్యోన్’ ఈ కాబెర్నే ఫ్రాన్‌కు, తెల్లరకం ‘సావిన్యోన్ బ్లాం’కు పుట్టిన సంకరం. ఈ సంగతి 1997లో డీఎన్‌ఏ పరీక్షల్లో తేలింది.

● హైదరాబాద్ ద్రాక్ష చరిత్రా తక్కువదేం కాదు. నగరానికి పేరు తెచ్చిన తినే ద్రాక్ష ‘అనాబ్-ఎ-షాహి’ని 1890 ప్రాంతంలో అబ్దుల్ బాకర్ ఖాన్ తన తోటలో నాటారు. పేరుకు తగ్గట్టే అది రాజులకు తగిన పండు.

● ఫ్రాన్స్‌లో చలికి తీగ నిద్రపోతుంది. అందుకే ఏడాదికి ఒకే ప్రధాన కత్తిరింపు. కోత సెప్టెంబరు, అక్టోబరుల్లో. మన వేడికి తీగ ఎప్పుడూ మేలుకునే ఉంటుంది. అందుకే ఏప్రిల్ ప్రాంతంలో కొమ్మల కోసం, అక్టోబరు ప్రాంతంలో కాపు కోసం రెండుసార్లు కత్తిరిస్తారు. పండ్లు వేసవి మొదట్లో చేతికొస్తాయి. చలికి నిద్రపోయే తీగను మన ఎండకు అలవాటు చేసిన ఈ నేర్పు మన రైతులు గర్వంగా చెప్పుకోదగ్గది.