మీకు తెలుసా? ఫలక్‌నుమాకీ ఇస్తాంబుల్‌కీ చుట్టరికం

• హౌరా నుంచి మన అనకాపల్లి మీదుగా పోయే ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ ఫలక్‌నుమా దాకా వెళ్లదు, సికింద్రాబాద్‌లోనే ఆగిపోతుంది. దానికి పేరిచ్చిన ప్యాలెస్ హైదరాబాద్ పాతబస్తీకి దక్షిణాన గుట్ట మీద ఉంది. 2010 నుంచి అది తాజ్ వాళ్ల హోటల్.

• దాన్ని కట్టించింది నిజాం కాదు. ‘పైగా’ అనే కుటుంబానికి చెందిన వికారుల్ ఉమ్రా 1884లో మొదలుపెట్టాడు. ఖర్చు తడిసి మోపెడైంది. చివరికి ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ చేతికి వచ్చింది. భోజనాల హాల్లో ఒకే బల్ల చుట్టూ 101 మంది కూర్చోవచ్చు. మన పెళ్లిళ్లలో ఒక బంతి మొత్తం అక్కడే లేచిపోతుంది!

• ఇస్తాంబుల్‌లో బాస్ఫరస్ జలసంధి ఒడ్డున చిరాగాన్ ప్యాలెస్ ఉంది. 1860ల్లో ఆటోమన్ సుల్తాన్ అబ్దుల్ అజీజ్ కట్టించాడు. 1876లో అతన్ని దింపేసి, అన్నకొడుకు ఐదో మురాద్‌ని గద్దెనెక్కించారు. మురాద్ ఏలింది 93 రోజులే. మతిస్థిమితం లేదని అతన్నీ దింపి, ఆ చిరాగాన్‌లోనే బంధించారు. 1904లో పోయేదాకా అక్కడే. చిన్నాన్న మేడే అబ్బాయికి జైలు!

• అసలు తమాషా ఇక్కడుంది. అజీజ్ మనవరాలు దురుషెహ్వార్, మురాద్ మునిమనవరాలు నీలోఫర్. 1931 నవంబర్ 12న ఫ్రాన్స్‌లోని నీస్‌లో ఒకేరోజు ఏడో నిజాం కొడుకుల్లో ఇద్దరిని పెళ్లాడారు. ఒకరిని దింపి ఒకరు ఎక్కిన రెండు శాఖల ఆడపిల్లలు హైదరాబాద్‌లో తోడికోడళ్లయ్యారు. దురుషెహ్వార్ తండ్రి రెండో అబ్దుల్ మజీద్ ఆఖరి ఖలీఫా. 1924లో దేశం నుంచి వెళ్లగొట్టాక, వియ్యంకుడు కాకముందు నుంచే నిజాం ఆయనకి నెలనెలా భత్యం పంపేవాడు. చిన్న కోడలి పేరు మనకి కొత్త కాదు. హైదరాబాద్‌లో పిల్లల జబ్బులకి పరిగెత్తే నీలోఫర్ ఆసుపత్రి ఆమెదే. తన దగ్గర పనిచేసే దాసి కాన్పులో చనిపోయిందన్న బాధతో పూనుకుని కట్టించిందంటారు.

• మురాద్ పోయాక చిరాగాన్‌లో పార్లమెంటు పెట్టారు, అది కొన్నాళ్లే నడిచింది. 1910లో మంటలకి గోడలే మిగిలాయి. తర్వాత చాలాకాలం దాని తోట స్థలంలో బెషిక్‌తాష్ జట్టు ఫుట్‌బాల్ ఆడింది. 1990ల మొదట్లో హోటలైంది.

• ఫలక్‌నుమా కథా అంతే. 1951లో రాజేంద్రప్రసాద్ బస చేశాక దశాబ్దాలపాటు అతిథుల అలికిడి లేదు. హోటల్‌గా మార్చేటప్పుడు దగ్గరుండి బాగుచేయించింది ఎస్రా అనే టర్కీ ఆవిడ, దురుషెహ్వార్ పెద్ద కొడుకు ముకర్రం జాకి మొదటి భార్య. ఒకప్పటి అత్తగారి తాత కట్టించినదీ హోటలే, కోడలు బాగుచేయించినదీ హోటలే.

• ఫలక్‌నుమాలో గది తీసుకోవడం మనలాంటి వాళ్లకి అయ్యే పని కాదు. చార్మినార్ దగ్గరి చౌమహల్లా చూడండి. అదీ ఎస్రా బాగుచేయించినదే, 2010లో యునెస్కో ఆసియా పసిఫిక్ పురస్కారం కూడా వచ్చింది. టికెట్టు కొనుక్కుంటే చాలు. శుక్రవారం మాత్రం సెలవు.