మూడు కాలువల ముంగిట ఏడు రోజులు

ఒకే నగరంలో బస చేసి, కొద్ది రోజులపాటు ఆ నగరాన్నీ దాని పరిసరాలనూ తీరిగ్గా చూసి తిరిగివచ్చే ప్రయాణ పద్ధతిని ‘సిటీ బ్రేక్’ అంటారు. రోజుకొక ఊరు, ఊరికొక హోటల్ చొప్పున పరుగెత్తే ప్యాకేజీ యాత్రకు ఇది పూర్తిగా భిన్నమైనది. మధ్యధరా సముద్ర తీరంలోని బార్సిలోనా, నేపుల్స్, ఏథెన్స్ వంటి నగరాలు ఈ తరహా ప్రయాణాలకు పేరుపొందడానికి కారణం, కొండ, నీరు, పాత పేటలు, చేతిపనులు, తిండి అన్నీ కొద్ది దూరంలోనే దొరకడం, ఎండ ముదిరిన మధ్యాహ్నం ఊరంతా విశ్రమించి చల్లబడ్డాక మళ్లీ వీధుల్లోకి రావడం. పెళ్లయిన కొత్తలోనో, పిల్లలు చదువులకు వెళ్లిపోయాక తీరిక చిక్కినప్పుడో అటువంటి వారాన్ని కోరుకునే తెలుగు జంటలకు మాత్రం ఆ ప్రయాణం షెంజెన్ వీసాతో మొదలవుతుంది. యూరప్‌లోని అనేక దేశాలకు ఉమ్మడిగా చెల్లే ఈ అనుమతి కోసం ప్రయాణానికి కనీసం 15 రోజుల ముందు దరఖాస్తు చేసుకోవాలి, 2024 జూన్ నుంచి పెద్దవారికి మనిషికి 90 యూరోల రుసుము చెల్లించాలి, వీసా రాకపోయినా రుసుము తిరిగిరాదు.

పైన చెప్పిన లక్షణాలన్నీ ఉన్న నగరం కృష్ణా తీరంలోనే ఉంది. అయినా విజయవాడను రైలు మారే కూడలిగానో, తెల్లవారుజామున దిగి అమ్మవారి దర్శనం చేసుకుని సాయంత్రానికి వెళ్లిపోయే క్షేత్రంగానో చూడడమే అలవాటైపోయింది. నగరం చిన్నదనీ, ఎండ పెద్దదనీ, రెండు రోజులకు మించి చూడడానికి ఏమీ లేదనీ వినిపించే మాటలో కొంత నిజం లేకపోలేదు. కానీ ఆ నిజం నగరాన్ని దాని డెల్టా నుంచి విడదీసి చూసినప్పటిదే. నది తాను తెచ్చిన ఒండ్రును సముద్రం దగ్గర పరుస్తూ పాయలుగా చీలి ఏర్పరచుకునే పల్లపు నేలకు డెల్టా అని పేరు. కృష్ణా డెల్టాకు విజయవాడ తలవాకిలి కాబట్టి, వారం రోజుల ప్రణాళికను చూడదగిన స్థలాల జాబితాగా కాక నీటి దారుల వెంట వేసుకోవడమే సరైన పద్ధతి.

ఆ నీటి దారులు సీతానగరం, ఇంద్రకీలాద్రి కొండల నడుమ మొదలవుతాయి. నదికి అడ్డంగా 1852లో పని మొదలై 1855లో పూర్తయిన కట్టడం ఆనకట్ట, అంటే తలుపులు లేకుండా నీటిని అడ్డగించి మట్టం పెంచి, మిగులు నీటిని తన మీదుగా పొర్లనిచ్చే రాతిగోడ. అది 1952లో దెబ్బతిన్న తరువాత దానికి ఎగువన, తలుపులు ఎత్తి దించుతూ నీటిని అదుపు చేసే బ్యారేజీని నిర్మించి, 1957లో పూర్తి చేసి, ఆంధ్ర రాష్ట్ర తొలి ముఖ్యమంత్రి టంగుటూరి ప్రకాశం పేరు పెట్టారు. సుమారు 1,223 మీటర్ల పొడవున 70 తలుపులతో నిలిచిన ఈ కట్టడం రెండు వైపుల కాలువల ద్వారా దాదాపు 13 లక్షల ఎకరాలకు నీరందిస్తోంది. ఎడమ వైపు నుంచి బయలుదేరే బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ నగరం మధ్యగుండానే పారుతాయి గనుక విజయవాడలో ఏ వీధికి వెళ్లాలన్నా ఏదో ఒక వంతెన దాటక తప్పదు. ఏలూరు కాలువ ఒకప్పుడు కృష్ణను గోదావరి కాలువలతో కలిపిన పడవల దారి. ఆ పడవలు ఆగిపోవడం ఈ నగర విహారానికి జరిగిన పెద్ద నష్టమనే చెప్పాలి.

కాలాన్ని ఎంచుకోవడంలో పొరపాటు జరిగితే మిగిలిన ఏర్పాట్లన్నీ వృథా. ‘బ్లేజ్‌వాడ’ అని చమత్కరించేటంతటి ఎండ ఏప్రిల్, మే నెలల్లో ఉండడమే కాక, ఆ నెలల్లో కాలువలు కట్టేయడం వల్ల డెల్టా తన అందాన్ని దాచుకుంటుంది. ఆ రోజుల్లో రావలసిన ఒకే ఒక్క కారణం నూజివీడు చిన్న రసాలు. ఆగస్టు, సెప్టెంబరుల్లో పచ్చదనం నిండుగా ఉన్నా వరద భయం ఉంటుంది. 2024 సెప్టెంబరు తొలి రోజుల్లో బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు మించిన ప్రవాహం విడుదల కావడమూ, బుడమేరు వాగు పొంగి నగరంలోని పేటలను ముంచెత్తడమూ ఇంకా మరువరాని సంగతులు. అక్టోబరు, నవంబరుల్లో తుపాన్లు వస్తాయి, దసరా పది రోజులూ గదులు దొరకవు. కాబట్టి డిసెంబరు రెండో వారం నుంచి ఫిబ్రవరి మధ్య దాకా ఉన్న కాలమే జంటలకు తగినది. అప్పటికి వరి కోతలు సాగుతుంటాయి, కోతకు ముందే చేలో చల్లిన మినుము మొలకెత్తి, పంట తీసిన మడి మళ్లీ పచ్చబడుతుంది. 1989లో మొదలైన విజయవాడ పుస్తక మహోత్సవం కూడా సాధారణంగా కొత్త సంవత్సరం తొలి రోజుల్లోనే జరుగుతుంది.

బసకు రైల్వే స్టేషను, గాంధీనగర్, గవర్నరుపేట ప్రాంతాలు అనువైనవి; బందరు రోడ్డు వెంట ఉన్న హోటళ్లు కొంత ఖరీదైనవైనా బందరు (మచిలీపట్నం) వైపు ప్రయాణాలకు దగ్గర. నది మధ్యనున్న భవానీ ద్వీపంలో బస ఆకర్షణీయమైన ఆలోచనే గాని, వరద వచ్చిన ఏడాది అక్కడి ఏర్పాట్లు దెబ్బతింటాయి కాబట్టి ముందుగా వాకబు చేసుకోవడం మంచిది. హోటళ్లు ఇద్దరి గుర్తింపు పత్రాలనూ విడివిడిగా అడుగుతాయి. కొత్తగా పెళ్లయిన దంపతుల ఆధార్ కార్డుల్లో ఇంటిపేర్లూ చిరునామాలూ వేరుగా ఉండడం సహజమే గనుక, గది ఖాయం చేసుకునేటప్పుడే ఆ సంగతి మాట్లాడుకుంటే వచ్చాక ఇబ్బంది ఉండదు. ఇక దినచర్యను ఉదయం ఆరు నుంచి పదకొండు వరకు, సాయంత్రం నాలుగు నుంచి రాత్రి పది వరకు అని రెండు పూటలుగా విభజించుకుని, మధ్యాహ్నాన్ని భోజనానికీ నిద్రకూ వదిలేయాలి. స్పెయిన్, ఇటలీ పట్టణాల మధ్యాహ్న విశ్రాంతిని గొప్పగా చెప్పుకునేవారు, భోజనం తరువాత నడుం వాల్చే డెల్టా ఇళ్ల ఆచారాన్ని ఎందుకో బద్ధకమంటారు.

మొదటి రెండు రోజులు నగరానికే కేటాయించవలసినవి. ప్రకాశం బ్యారేజీ మీద సాయంకాలపు నడక, ఎగువ వైపు నీటి మీద దిగే పొద్దు, దుర్గగుడి దీపాలు, గాంధీ కొండ మీద 1968లో ఆవిష్కరించిన 52 అడుగుల స్తూపం వద్ద నుంచి కనిపించే నగరం, ఇవన్నీ ఎవరూ చెప్పకుండానే తెలిసేవి. అంతగా తెలియనిది బందరు రోడ్డులోని బాపు మ్యూజియం. విక్టోరియా రాణి పాలన స్వర్ణోత్సవానికి గుర్తుగా 1887లో తలపెట్టిన ఈ భవనం 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో జరిగిన అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశాల కాలంలో, పింగళి వెంకయ్య జాతీయ జెండా నమూనాను గాంధీజీకి సమర్పించిన ఘట్టంతో ముడిపడింది. పుస్తకాల మీద మమకారమున్న జంటకు కారల్ మార్క్స్ రోడ్డు, అంటే జనవ్యవహారంలోని ఏలూరు రోడ్డు, ఒక పూటను సులువుగా మింగేస్తుంది. బీసెంట్ రోడ్డు బేరాలు, బాబాయి హోటల్లో వెన్నతో ఇడ్లీ, సందు చివరి బండి మీద వేడి పునుగులు, రాత్రి భోజనంలో మీగడ వేసిన ఉలవచారు ఈ రెండు రోజుల్లోనే సర్దుకుంటాయి.

మూడో రోజుకు సమీప కొండలు. నది అవతలి ఒడ్డున ఉన్న ఉండవల్లిలో, విష్ణుకుండిన రాజుల కాలానిదిగా భావించే నాలుగు అంతస్తుల గుహాలయం, కొండను తొలిచి చేసిన నిర్మాణం. అందులో శయనించిన అనంతపద్మనాభుని ఏకశిలా విగ్రహం ముందు నిలబడితే శిల్పి ఓపిక అర్థమవుతుంది. అక్కడి నుంచి మంగళగిరి చేనేత మగ్గాల దగ్గరకు వెళ్లి ఒక చీర ఎంచుకోవడానికి ఎంతసేపు పడుతుందన్నది ఆ జంట స్వభావాన్ని బట్టి ఉంటుంది. సాయంత్రం పూట సుమారు 20 కిలోమీటర్ల దూరంలోని కొండపల్లిలో, తెల్ల పొణికి అనే తేలిక కలపను చెక్కి, చింతగింజల పిండీ రంపపు పొట్టూ కలిపిన ‘మక్కు’తో అవయవాలను అతికించి, సున్నం పూసి రంగులద్దే బొమ్మల పనిని ఇళ్లలోనే చూడవచ్చు. అక్కడే కొంటే చెల్లించిన సొమ్ము పనిచేసిన చేతికే అందుతుంది.

ఈ వారానికి ప్రాణం పోసేవి మాత్రం బందరు వైపు గడిపే రోజులు. మధ్యధరా సముద్రాన్ని కలగనే జంటకు తెలియవలసిన సంగతేమిటంటే, ఆ సముద్రపు వర్తకులకు ఈ తీరం రెండు వేల ఏళ్ల క్రితమే తెలుసు. క్రీస్తు శకం మొదటి శతాబ్దంలో ఒక గ్రీకు నావికుడు రాసిన ‘పెరిప్లస్’, అంటే రేవుల వెంట సాగే నౌకాయాన వివరణ, ఈ ప్రాంతాన్ని ‘మసాలియా’ అని పేర్కొని ఇక్కడ సన్నని నూలు బట్టలు విరివిగా తయారవుతాయని చెబుతుంది. తరువాతి శతాబ్దంలో అలెగ్జాండ్రియాకు చెందిన భూగోళ పండితుడు టాలెమీ ఇక్కడి ‘కంటకోస్సిల’ అనే వర్తక కేంద్రాన్ని ప్రస్తావించాడు. దానిని చరిత్రకారులు నేటి ఘంటసాలగా గుర్తించారు. గాయకుడు ఘంటసాల వెంకటేశ్వరరావు పుట్టింది ఈ గ్రామంలోనే అనుకునే వారున్నారు గాని, ఆయన జన్మస్థలం గుడివాడ సమీపంలోని చౌటపల్లి. స్తూపం శిథిలాలూ మ్యూజియమూ ఉన్న ఘంటసాల నేడు తీరానికి దూరంగా పొలాల మధ్య ఉండడం చూస్తే, నది సముద్రాన్ని ఎంత వెనక్కు నెట్టిందో ఊహించవచ్చు.

ఆ బట్టల వారసత్వం బందరుకు సమీపంలోని పెడనలో ఇప్పటికీ బతికే ఉంది. బట్టను కరక్కాయ కషాయంలో నానబెట్టి ఆరబెట్టి, తుప్పు పట్టిన ఇనుమునూ బెల్లాన్నీ రోజుల తరబడి పులియబెట్టిన ద్రావణాన్ని టేకు అచ్చులతో అద్దితే నల్లని గీత పడుతుంది. పటిక ద్రావణం అద్దిన చోట, తరువాత రంగుచెక్కలతో కలిపి మరిగించినప్పుడు, ఎరుపు పట్టుకుంటుంది. మధ్యలో బట్టను పారే నీటిలో జాడించాలి కాబట్టి ఈ పనికి కాలువ కూడా ఒక పనిముట్టే. గోల్కొండ సుల్తానుల రేవుగా వెలిగిన మచిలీపట్నానికి ఈ అద్దకం బట్టల కోసమే మొదట డచ్చివారు, 1611లో ఇంగ్లిషువారు వచ్చి వర్తక స్థావరాలు పెట్టుకున్నారు. డచ్చివారి సమాధులు నేటికీ ఉన్నాయి. సుమారు ముప్ఫై వేల మందిని పొట్టనబెట్టుకున్న 1864 నవంబరు ఉప్పెన తరువాత ఆ రేవు మళ్లీ పూర్వవైభవం చూడలేదు. విజయవాడకు 70 కిలోమీటర్ల దూరంలోని ఈ పట్టణానికి ఉదయాన్నే చేరి, పెడన అద్దకం చూసి, శనగపిండితో చేసి దంచి నేతితో చుట్టే బందరు లడ్డు రుచిచూసి, చిలకలపూడిలో పాండురంగస్వామి ఆలయంతో పాటు రోల్డ్‌గోల్డు నగల దుకాణాలు కూడా చూసుకుని, సాయంత్రానికి మంగినపూడి తీరం చేరవచ్చు. అక్కడి నేల నల్లగా, నీరు ఒండ్రుతో మసకగా ఉంటుంది. మధ్యధరా నీలాన్ని ఆశించి వెళ్లేవారు నిరాశపడక తప్పదు, లోతు తక్కువైన తీరంలో చాలా దూరం కలిసి నడవాలనుకునేవారు పడరు.

మరో రోజు కరకట్ట మీదుగా సాగాలి. వరదను పొలాల్లోకి రానీయకుండా నది వెంట పోసిన మట్టికట్టకు కరకట్ట అని పేరు. దానిపై అవనిగడ్డ దిశగా వెళ్లే దారికి ఒకవైపు లంకలు, అంటే నది మధ్య మెరకలు, వాటిలోని అరటి, పసుపు, కంద తోటలు, మరోవైపు వరి మాగాణి. ఈ దారిలో వచ్చే శ్రీకాకుళం గ్రామంలోని ఆంధ్ర మహావిష్ణువు కలలో కనిపించి తెలుగులో కావ్యం రాయమన్నాడని శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యద పీఠికలో చెప్పుకున్నాడు. అక్కడికి కొద్ది దూరంలోనే కూచిపూడి, మొవ్వ. అలిగిన సత్యభామ విరహాన్నీ రాజీనీ ఇతివృత్తంగా చేసుకున్న భామాకలాపాన్ని సిద్ధేంద్రయోగి కూచిపూడి భాగవతులకు నేర్పాడని సంప్రదాయం. శృంగార పదాలకు పెట్టింది పేరైన క్షేత్రయ్య కొలిచిన వేణుగోపాలుడు మొవ్వలోనే ఉన్నాడు. దంపతుల ప్రయాణానికి ఇంతకంటే తగిన పక్కపక్క ఊళ్లు ఆంధ్రదేశంలో మరెక్కడా లేవని నిస్సంకోచంగా అనవచ్చు. నాట్యశిక్షణ చూడాలనుకునేవారు సిద్ధేంద్రయోగి కళాపీఠాన్ని ముందుగా సంప్రదించి, అనుమతితో వెళ్లడం మర్యాద.

పులిగడ్డ వద్ద కృష్ణ చీలి దివిసీమను చుట్టుకుంటుంది. ఆ దీవి చివర, విజయవాడకు సుమారు వంద కిలోమీటర్ల దూరాన, హంసలదీవి దగ్గర నది సముద్రంలో కలుస్తుంది. మడ అడవులు, అంటే ఉప్పునీటిలో ఊపిరి వేళ్లు పైకి చాచి బతికే చెట్ల గుంపులు, ఇక్కడ అభయారణ్యంగా రక్షణ పొందుతున్నాయి. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన వేలాది మందిని తీసుకుపోయింది ఈ సీమలోనే. సంగమం వద్ద స్నానం ప్రమాదకరం. చీకటి పడకముందే వెనుదిరగాలి. ఈ ప్రయాణానికి పూర్తి రోజు కావాలి కాబట్టి దీనిని కూచిపూడితో ఒకే రోజులో ఇరికించకూడదు.

పక్షులంటే ఇష్టమున్నవారు ఆరో రోజున హంసలదీవికి బదులు కైకలూరు సమీపంలోని ఆటపాకకు వెళ్లి కొల్లేటి సరస్సులో గూడబాతులను చూడవచ్చు. అమరావతిని ఈ వారంలో చేర్చాలా అన్న ప్రశ్న తప్పక వస్తుంది. అక్కడి స్తూపపు శిల్పఫలకాల్లో అధిక భాగం చెన్నై, లండన్ మ్యూజియాలకు తరలిపోయినందువల్ల, మిగిలిన వాటిని శ్రద్ధగా చూడాలంటే అది వేరే ప్రయాణంగా పెట్టుకోవడమే న్యాయం. ఏడో రోజును ఏ పనీ లేకుండా ఖాళీగా ఉంచాలి. ఆ ఇద్దరికీ బాగా నచ్చిన చోటు ఏదో అప్పటికి తేలి ఉంటుంది, మళ్లీ ఒకసారి అక్కడికే వెళ్లవచ్చు.

కారును వారమంతా అద్దెకు తీసుకోనవసరం లేదు. బందరుకు నగర బస్టాండు నుంచి బస్సులు తరచుగా ఉంటాయి. కరకట్ట రోజుకూ, హంసలదీవి లేదా ఆటపాక రోజుకూ మాత్రం కారు మాట్లాడుకుంటే చాలు. రైలు టికెట్ల ముందస్తు రిజర్వేషన్ ప్రయాణానికి 60 రోజుల ముందే తెరుచుకుంటుంది, సంక్రాంతి ముందు వారాల బెర్తులు త్వరగా నిండిపోతాయి. కాబట్టి జనవరి మొదటి వారంలో రావాలనుకునే దంపతులు నవంబరు మొదటి వారానికే తేదీలు ఖాయం చేసుకోవాలి.