క్లోమం గుట్టు విప్పిన ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు

మనం తిన్న మాంసాన్ని అరిగించే ఎంజైములు క్లోమంలో తయారవుతాయి. క్లోమం కూడా మాంసమే కదా, మరి తనను తాను ఎందుకు అరిగించుకోదు? 1875లో జర్మన్ శాస్త్రవేత్త రుడాల్ఫ్ హైడెన్‌హైన్ క్లోమ కణాల నిండా రేణువులు ఉండటం, జీర్ణక్రియ సాగేకొద్దీ అవి తగ్గిపోవడం గమనించాడు. అవి ఎక్కడ పుట్టి ఎలా వచ్చాయో చూపించడం మామూలు మైక్రోస్కోపు వల్ల కాలేదు. ఒక్కో రేణువు మిల్లీమీటరులో వెయ్యోవంతు ఉంటుందంతే.

1931లో బెర్లిన్‌లో ఎర్న్‌స్ట్ రుస్కా, మాక్స్ నాల్ కాంతికి బదులు ఎలక్ట్రాన్లతో పనిచేసే మైక్రోస్కోపుకు తొలి నమూనా తయారుచేశారు. దానిలోపల గాలి ఉండకూడదు కాబట్టి బతికున్న కణాన్ని పెట్టడానికి వీల్లేదు. కణజాలాన్ని రసాయనాలతో బిగించి, అతి పలుచగా కోసి పెట్టాలి. అలాంటి నిశ్చల చిత్రంలో కదలిక ఎలా తెలుస్తుంది?

న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ సంస్థలో పనిచేసిన జార్జ్ పలాడే బృందం ఈ చిక్కు విప్పిన తీరు నాకు అపురూపంగా తోస్తుంది. గినీ పంది క్లోమం ముక్కలకు ప్రోటీన్ల తయారీకి వాడే ల్యూసిన్ అనే అమైనో ఆమ్లాన్ని రేడియోధార్మిక రూపంలో 3 నిమిషాలు మాత్రమే అందించి, తర్వాత మామూలు ల్యూసిన్ ఇచ్చారు. కొంత కొంత వ్యవధిలో ముక్కలు తీసి, కోసి, పైన ఫొటోగ్రాఫిక్ ఎమల్షన్ పూశారు. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూస్తే, రేడియోధార్మిక ల్యూసిన్ కలిసిన కొత్త ప్రోటీన్ ఉన్నచోటల్లా నల్లటి వెండి నలుసులు కనిపించాయి. మొదట ప్రోటీన్లు తయారుచేసే రైబోజోములు అంటుకున్న పొరల దగ్గర, కొన్ని నిమిషాలకు గాల్జీ అనే పొర సంచుల దొంతర దగ్గర, సుమారు రెండు గంటలకు నిల్వ రేణువుల్లో! జేమ్స్ జేమిసన్, పలాడే 1967లో ఈ ఫలితాలు ప్రచురించారు.

అంటే ఈ ఎంజైములు పుట్టింది మొదలు పొర చాటునే ఉంటాయి. పైగా ట్రిప్సిన్ లాంటివి నిద్రాణ రూపంలోనే తయారవుతాయి. భోజనం చేశాక హార్మోన్ల, నరాల సంకేతం అందితే రేణువు పొర కణం పొరతో కలిసిపోయి, సరుకు నాళంలోకి విడుదలవుతుంది. ట్రిప్సిన్ నిద్రాణ రూపమైన ట్రిప్సినోజెన్‌ను ట్రిప్సిన్‌గా మార్చేది చిన్నపేగులోని ఎంటిరోకైనేజ్ అనే ఎంజైము.

పలాడేకు 1974లో నోబెల్ బహుమతి పంచుకునే గౌరవం దక్కింది. యంత్రాన్ని తయారుచేసిన రుస్కా మాత్రం 1986 దాకా ఆగాల్సి వచ్చింది. ఇది న్యాయం కాదు.

పిత్తాశయంలో రాళ్ల వల్లో, మద్యం వల్లో ఎంజైములను నిద్రలో ఉంచే కట్టుబాటు తప్పితే అవి క్లోమంలోనే మేల్కొని దాన్నే అరిగించేస్తాయి. పైకడుపులో మొదలై వీపులోకి పాకే తీవ్రమైన నొప్పి తగ్గకపోతే గ్యాస్ బిళ్ల మింగి ఊరుకోకండి. వెంటనే ఆసుపత్రికి వెళ్లండి, రక్తంలో లైపేజ్ పరీక్ష గురించి డాక్టరును అడగండి.